పిండి చెప్పే వేళ

రొట్టెకు కావలసినవి నాలుగే: గోధుమ పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. వీటి పాళ్లు మారితే రొట్టె మారుతుంది. వెన్న, పాలు, చక్కెర చేరితే ఇంకా మారుతుంది. అంతకంటే ఎక్కువగా, కలిపిన పిండి ఎంత వేడిలో ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. పావ్, బాగెట్, ఫొకాచా, బ్రియోష్ వేరువేరు వంటకాలుగా కనిపించినా, పాళ్లు, వేడి, కాలం అనే ఈ మూడింటితో నడిచే ఒకే పనికి అవి వేరువేరు రూపాలు. బేకరీ తరగతిలో నేర్చుకోవలసింది ముందుగా ఆ పని. రొట్టెల పేర్లు తర్వాత వాటంతట అవే వస్తాయి.

ఈ విద్య నేర్పే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. సూరత్ నుంచి హజీరా వెళ్లే రోడ్డులో, ఓఎన్‌జీసీకి ఎదురుగా, 2011లో మొదలైన ఆరో యూనివర్సిటీలో ఆతిథ్య రంగానికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. దాని స్థాపకుడు హెచ్.పి. రామా అమెరికాలో హోటళ్ల వ్యాపారంలో పైకొచ్చిన గుజరాతీ. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, బేగంపేటలోని కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా, 2018లో ప్రారంభమైన తిరుపతి ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. ఐటీఐలలో బేకర్ అండ్ కన్‌ఫెక్షనర్ ట్రేడు కూడా ఉంది. తెలంగాణ నుంచి వెళ్లి సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్న తెలుగు నేత కుటుంబాలు లింబాయత్ వైపు వేల సంఖ్యలో ఉన్నాయి. మగ్గం కాకుండా మరో చేతిపని వెతుక్కునే ఇంటి పిల్లలకు రొట్టె పని దగ్గరి దారే. ఆ దగ్గరితనం ఎక్కడుందో పిండి దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

తూకం

బేకరీలో గ్లాసులు, చెంచాలు చెల్లవు. నీళ్లతో సహా అన్నీ గ్రాముల్లో తూస్తారు. బేకర్ల లెక్కలో పిండి ఎప్పుడూ 100. మిగతావన్నీ ఆ నూటికి ఎంత అన్న లెక్కలో చెబుతారు. నీళ్లు 62, ఉప్పు 2, పొడి ఈస్ట్ 1 అంటే కిలో పిండికి 620 గ్రాముల నీళ్లు, 20 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల ఈస్ట్. మొత్తం కలిపితే 165 అవుతుంది కాబట్టి ఇది లెక్క తప్పు అని కొత్త విద్యార్థి అనుకుంటాడు. తప్పు కాదు. ఈ పద్ధతిలో పది రొట్టెల కొలత వెయ్యి రొట్టెలకు మార్చడం ఒక్క గుణకారంతో అయిపోతుంది. రెండు రొట్టెలను పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు మెత్తనో, ఏది ఎందుకు గట్టో అంకెల్లోనే చూడవచ్చు.

కాల్చేటప్పుడు నీరు ఆవిరై పోతుంది. సాధారణ రొట్టె బరువులో పదో వంతుకు పైగా ఓవెన్‌లోనే తగ్గుతుంది. 400 గ్రాముల రొట్టె అమ్మాలంటే 450 గ్రాముల పిండి ముద్ద తూయాలి. ఇది మరిచిపోతే, పొట్లం మీద ముద్రించిన బరువుకూ లోపలి బరువుకూ పొంతన ఉండదు. కొన్నవాడికి అన్యాయం జరుగుతుంది, బేకరీ చట్టానికి చిక్కుతుంది.

ఈస్ట్ మూడు రూపాల్లో దొరుకుతుంది. ముద్దగా ఉండే తాజా ఈస్ట్ 30 గ్రాములు వాడే చోట సన్నటి ఇన్‌స్టంట్ ఈస్ట్ 10 గ్రాములు చాలు. ముందుగా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాల్సిన పొడి ఈస్ట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఉప్పును చాలామంది రుచి కోసమే అనుకుంటారు. అది ఈస్ట్ వేగానికి కళ్లెం కూడా వేస్తుంది, పిండిని బిగిస్తుంది. ఉప్పు వేయడం మరిచిన ముద్ద అరగంటలోనే పట్టు తప్పి జారిపోతూ కనిపిస్తుంది. ఆ తేడా తెలియాలంటే ఉప్పు వేసిన ముద్ద ఒకటి, వేయనిది ఒకటి పక్కపక్కన పెట్టి చూడడం మంచిది.

పడుగూ పేకా

గోధుమలో రొట్టెకు ముఖ్యమైన మాంసకృత్తులు రెండు: గ్లూటెనిన్, గ్లియాడిన్. నీరు తగిలి, చెయ్యి ఆడేసరికి రెండూ పెనవేసుకుని గ్లూటెన్ అనే వల అల్లుతాయి. గ్లూటెనిన్ బిగువునిస్తుంది, గ్లియాడిన్ సాగే గుణాన్ని ఇస్తుంది. నేతగాళ్ల ఇంట పుట్టినవాళ్లకు దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. బిగువు ఎక్కువైతే దారం తెగుతుంది, తక్కువైతే బట్ట వదులవుతుంది. పిండిలోని గంజి పదార్థం ఈ వలలో చిక్కుకుని ఉంటుంది, ఓవెన్ వేడికి ఉడికి వలను నిలబెడుతుంది. పడుగూ పేకా సరిగా పడితేనే ఈస్ట్ వదిలిన గాలి లోపల నిలుస్తుంది.

వల తయారైందో లేదో చూడడానికి నిమ్మకాయంత ముద్ద తీసుకుని రెండు చేతులతో నెమ్మదిగా నలువైపులా సాగదీస్తారు. అవతలి వెలుతురు కనిపించేంత పలచటి పొరగా సాగి చిరగకుండా ఉంటే పిసకడం చాలు. గరుకుగా చిరిగితే ఇంకా కావాలి. గడియారం చూసి పది నిమిషాలు పిసికి ఆపేసేవాళ్లు ఈ పరీక్షను దాటవేస్తారు. మిషన్ మారినా, మైదా బస్తా మారినా ఆ పది నిమిషాలు చెల్లవు.

మన మైదాలో మాంసకృత్తులు సాధారణంగా నూటికి 10, 11 పాళ్లుంటాయి. విదేశీ పుస్తకాలు చెప్పే బ్రెడ్ పిండిలో అంతకంటే ఎక్కువ. అందుకే ఆ పుస్తకాల్లోని నీళ్ల కొలత మన మైదాకు తరచుగా ఎక్కువవుతుంది. రెండు మూడు పాళ్లు తగ్గించి మొదలుపెట్టి, కలుపుతూ చేర్చుకోవాలి. చపాతీ పిండి లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. రాతి చక్కీలో నలిగిన గంజి నీటిని ఎక్కువగా పీలుస్తుంది కాబట్టి దానికి 75 దాటినా నీళ్లు సరిపోకపోవచ్చు. తవుడు అంచులు గ్లూటెన్ పోగులను కోస్తాయి. అందుకని నీళ్లు కలిపి అరగంట పక్కన పెట్టి, తవుడు నానాక పిసికితే ముతక రొట్టె కూడా చక్కగా పొంగుతుంది.

ఒకప్పుడు బలహీనమైన పిండిని బిగించడానికి పొటాషియం బ్రోమేట్ వాడేవారు. దాని వల్ల ఆరోగ్యానికి ముప్పుందని తేలడంతో మన ఆహార భద్రతా సంస్థ 2016లో దాన్ని నిషేధించింది. పిండి బలహీనతకు మందు సరిగా పిసకడం, తగినంత పులియనివ్వడమే. పాత కొలతల పుస్తకాల్లో ఆ పేరు కనిపిస్తే కొట్టివేయాలి.

వేడి, కాలం

ఆరో విద్యార్థులకు హజీరాలో అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. తాపీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ ఊళ్లో ఏడాదిలో ఎక్కువ కాలం ఉక్కపోత. రొట్టె పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల్లో పుట్టాయి. గంటన్నర పులియనివ్వాలి అని అవి చెబితే, ఆ గంటన్నర 24 డిగ్రీల గదిది. వేడి పది డిగ్రీలు పెరిగితే పులిసే వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఎండాకాలంలో దోసె పిండి సాయంత్రానికే పులిసి గిన్నె దాటుతుందని, చలికాలంలో మర్నాటి వరకూ కదలదని ప్రతి తెలుగింటి వంటగదికీ తెలుసు. కాలేజీలో చేయవలసింది ఆ అనుభవానికి అంకెలు జోడించడం.

కలిపిన ముద్ద సుమారు 26 డిగ్రీల దగ్గర ఉండాలన్నది మామూలు లక్ష్యం. గది వేడి, పిండి వేడి, మిషన్ రాపిడి వల్ల వచ్చే వేడి బేకరు చేతిలో లేవు. చేతిలో ఉన్నది నీళ్ల వేడి ఒక్కటే. లెక్క ఇలా సాగుతుంది: 26ను 3తో గుణిస్తే 78. అందులోంచి గది 33, పిండి 32, రాపిడి 8 తీసేస్తే మిగిలేది 5. అంటే నీళ్లు 5 డిగ్రీలు ఉండాలి. కుళాయి నీళ్లు 30 డిగ్రీలున్నప్పుడు ఐసు తప్పదు. ఎంత ఐసు అన్నదానికీ సూత్రముంది. మొత్తం నీటి బరువును, తగ్గించాల్సిన డిగ్రీలతో గుణించి, కుళాయి వేడికి 80 కలిపిన సంఖ్యతో భాగించాలి. 620 గ్రాముల నీటికి 25 డిగ్రీలు తగ్గించాలంటే 15,500ను 110తో భాగిస్తే సుమారు 141 గ్రాముల ఐసు. మిగతా 479 గ్రాములు నీళ్లు. ఈ 80 అన్నది ఊరికే పెట్టుకున్న అంకె కాదు. గ్రాము ఐసు కరగడానికి పీల్చుకునే 80 కేలరీల వేడి అది. హైస్కూల్లో చదివిన గుప్తోష్ణం ఇక్కడ రొట్టెను కాపాడుతుంది.

ఈ చిన్న లెక్క ఒక్కటి చేతికి వస్తే వేసవి రొట్టెలో సగం సమస్యలు పోతాయి. పుల్లటి వాసన, పాలిపోయిన పైచెక్కు, ఓవెన్‌లో పొంగకపోవడం ఈ మూడూ చాలాసార్లు ఒకే తప్పు నుంచి వస్తాయి: ముద్ద వేడెక్కి అతిగా పులిసింది, పైచెక్కుకు రంగునిచ్చే చక్కెరను ఈస్ట్ ముందే తినేసింది. ఈస్ట్ తగ్గించడం రెండో ఉపాయం. కిలోకు 10 గ్రాములు వేసే చోట ఏప్రిల్, మే నెలల్లో 6 లేదా 7 చాలు. ముద్దను రాత్రంతా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టడం మూడో ఉపాయం. ఆ చలిలో ఈస్ట్ మందగిస్తుంది, రుచి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మర్నాడు ఉదయం చల్లటి ముద్దను తీర్చిదిద్దడం కూడా తేలిక.

పులిసింది చాలా, లేదా అన్నది పిండే చెబుతుంది. వేలు తడిచేసి ముద్దలోకి ఒక అంగుళం గుచ్చి తీస్తే, గుంట వెంటనే పూడుకుంటే ఇంకా సమయం కావాలి. నెమ్మదిగా సగం వరకే పూడితే సరైన వేళ. గుంట అలాగే ఉండిపోయి చుట్టూ కుంగితే వేళ దాటిపోయింది. దీనికి తోడు మంచి అలవాటు ఒకటుంది. కలిపిన వెంటనే చిన్న ఉండను నిటారు గోడలున్న గాజు గ్లాసులో నొక్కిపెట్టి, ఎత్తు దగ్గర గీత పెట్టుకోవాలి. పెద్ద గిన్నెలో రెట్టింపయిందో లేదో కళ్లకు అందదు. గ్లాసులో గీతే చెబుతుంది.

నోటు పుస్తకంలో ప్రతి రొట్టెకూ ఒక పేజీ ఉండాలి. తేదీ, గది వేడి, పిండి వేడి, నీళ్ల వేడి, ముద్ద వేడి, పులిసిన సమయం, కోసి చూసిన లోపలి తీరు అన్నీ రాసుకోవాలి. జూలై వానల్లో గాలిలో తేమ పెరిగి పిండి మెత్తబడ్డ రోజున అంతకు ముందు ఏడాది జూలై పేజీ తీస్తే దారి కనిపిస్తుంది. హజీరాకు సరిపోయే కొలతల పుస్తకం అచ్చులో దొరకదు. అక్కడ చదివే విద్యార్థి దాన్ని తన చేత్తోనే రాసుకోవాలి.

రొట్టెల వరస

మొదట పావ్. పేరు పోర్చుగీసు మాటే. కిలో మైదాకు 600 గ్రాముల నీళ్లు, 50 చక్కెర, 40 కొవ్వు, 20 పాలపొడి, 18 ఉప్పు, 12 ఇన్‌స్టంట్ ఈస్ట్. 50 గ్రాముల చొప్పున సుమారు 34 ఉండలొస్తాయి. ఉండలను ట్రేలో కాస్త దూరంగా పేరిస్తే పొంగి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆ ఆనుకున్న పక్కల్లోనే పావ్ మెత్తదనం ఉంది. 220 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు కాలుస్తారు. తరగతుల్లో క్రోసాంట్ మీద ఉండే మోజు పావ్ మీద ఉండదు, ఇది విచారించాల్సిన విషయం. ఒకే బరువుతో, ఒకే బిగువుతో ముప్పై నాలుగు ఉండలు చుట్టడం వచ్చిన చేతికి మిగతా ఏ ఆకారమైనా వస్తుంది. అరచేతిని గిన్నెలా వంచి, ఉండను బల్లకు రాస్తూ తిప్పితే పైపొర బిగుస్తుంది. కింద పొడి పిండి ఎక్కువైతే ఉండ జారుతుంది తప్ప బిగుసుకోదు.

అచ్చులో కాల్చే శాండ్‌విచ్ బ్రెడ్ తర్వాత బాగెట్ వస్తుంది. దాంట్లో కొవ్వు లేదు, చక్కెర లేదు, దాచుకోవడానికి ఏమీ లేదు. ఫ్రాన్సు 1993లో చేసిన నిబంధన ప్రకారం అక్కడి సంప్రదాయ రొట్టె పిండిలో రసాయనాలు కలపకూడదు. బాగెట్ చేసే పనితనాన్ని యునెస్కో 2022లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. కాల్చే మొదటి నిమిషాల్లో ఓవెన్‌లో ఆవిరి ఉండాలి. ఆవిరి పైపొరను తడిగా ఉంచి పొంగనిస్తుంది, తర్వాత నిగనిగలాడే పెళుసు చెక్కునిస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో తందూరులో కాల్చే నాలుగు మూలల చార్‌కోనీ నాన్‌ను ఈ పాఠం పక్కన పెట్టి చూడడం తెలుగు విద్యార్థికి మేలు చేస్తుంది. గోడకు అంటుకుని నిమిషాల్లో కాలే రొట్టెకూ, రాతి మీద ఇరవై నిమిషాలు కాలే రొట్టెకూ పిండి బిగువు ఎందుకు వేరుగా ఉండాలో అప్పుడు తెలుస్తుంది.

ఫొకాచాలో నీళ్లు 75 నుంచి 80. ఆ జారుడు పిండిని పిసకలేరు. అరగంటకోసారి తడి చేత్తో అంచులు లాగి మడతలు వేస్తారు. పిండి చేతికి అంటుకుంటోందని పొడి చల్లేస్తే అది ఫొకాచా కాకుండా పోతుంది.

సవర్‌డో పేరు కొత్తగా ఉన్నా, పాలకు తోడు పెట్టేవాళ్లకు పద్ధతి కొత్త కాదు. పిండి, నీళ్లు సమానంగా కలిపి, రోజూ కొంత తీసేసి కొత్తది చేరుస్తూ పోతే వారం లోపల గాలిలో, పిండిలో ఉన్న సహజ ఈస్ట్, లాక్టిక్ బాక్టీరియా స్థిరపడతాయి. ఉక్కపోత ఊళ్లో ఆ తోడు కొన్ని గంటల్లోనే పుల్లబడిపోతుంది. ఒక వంతు పాత తోడుకు ఒక్కో వంతు పిండి, నీళ్లు అన్న పుస్తకం లెక్కను వదిలి ఐదేసి వంతులు చేర్చాలి, లేదా రోజుకు రెండుసార్లు మేత వేయాలి.

వెన్న, గుడ్లు దండిగా పడే బ్రియోష్ గుజరాత్‌లో మరో ప్రశ్న తెస్తుంది. గుడ్డు తినని ఇళ్లు ఎక్కువ కాబట్టి గుడ్డు లేకుండా అదే మెత్తదనం తేవడం ఇక్కడ అవసరమైన నైపుణ్యం. పెంకు తీసిన ఒక గుడ్డు 50 గ్రాములనుకుంటే, దాంట్లో ముప్పాతిక వంతు నీరే. సుమారు 40 గ్రాముల పాలు, 5 గ్రాముల వెన్న దాని తేమను, కొవ్వును భర్తీ చేస్తాయి. పచ్చసొనలోని లెసిథిన్ చేసే పనికి సోయా లెసిథిన్ చిటికెడు వేస్తారు. పైన గుడ్డు పూత బదులు పాల పూత. మెరుపు కాస్త తగ్గుతుంది, రుచి తగ్గదు.

క్రోసాంట్‌కు మూడేసి పొరల మడత మూడుసార్లు వేస్తే 27 వెన్న పొరలు. వెన్న కరిగేది 32 నుంచి 35 డిగ్రీల మధ్య. 33 డిగ్రీల గదిలో ఆ పొరలు నిలవవు కాబట్టి ఏసీ గది, తెల్లవారుజాము, చలువ బల్ల తప్పనిసరి. జొన్న, రాగి పిండ్లలో గ్లూటెన్ లేదు. మైదాలో 15, 20 పాళ్ల వరకు కలిపితే రుచి వస్తుంది, రొట్టె నిలుస్తుంది. అంతకు మించితే అది జొన్న రొట్టెకు దగ్గరవుతుంది, పొంగే బ్రెడ్ కాదు.

కాలాక

రొట్టె లోపలి వేడి 93 నుంచి 97 డిగ్రీలు చేరితే ఉడికినట్టు. అడుగున తడితే బోలుగా మోగాలి. వేడి రొట్టెను వెంటనే కోస్తే లోపలి గంజి ఇంకా బిగుసుకోక ముద్దకడుతుంది. జాలీ మీద గంట రెండు గంటలు ఆరాలి. ప్లాస్టిక్ సంచిలో వేడిగా పెడితే చెమ్మ పట్టి రెండో రోజుకే బూజు వస్తుంది.

ఫ్రిజ్ రొట్టెను కాపాడుతుందన్నది తప్పు. బూజును ఆపుతుంది కానీ, ఆ చలిలో గంజి తిరిగి గట్టిపడడం వేగమవుతుంది, రొట్టె త్వరగా ఎండినట్టవుతుంది. ఒకటి రెండు రోజులకు బయట, అంతకు మించితే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ మేలు.

వానాకాలంలో తీరప్రాంత బేకరీలకు ఇంకో ప్రమాదం ఉంది. పిండిలోని బాసిల్లస్ జాతి బాక్టీరియా బీజాలు ఓవెన్ వేడిని కూడా తట్టుకుని, తర్వాత ఉక్కలో మేలుకుంటాయి. రొట్టె లోపలి భాగం జిగురుగా తీగలు సాగుతుంది, మగ్గిన పండు వాసన వస్తుంది. అలాంటి రొట్టెలు వెంటనే పారేయాలి. బల్లలు, అరలు, అచ్చులు వెనిగర్ నీళ్లతో తుడవాలి. పిండిలో కొద్దిగా వెనిగర్ గాని, పుల్లటి తోడు గాని వేస్తే ఆమ్లం పెరిగి బీజాలు మొలకెత్తవు.

మిగిలిపోయినా చెడిపోని రొట్టెను ఏం చేయాలన్నదానికి సూరత్ దగ్గర పాత జవాబుంది. ఆ ఊళ్లో 1861 నుంచి ఉన్న దోతీవాలా బేకరీ చెప్పుకునే చరిత్ర ఇది. డచ్చి వర్తకుల దగ్గర రొట్టెలు కాల్చిన పార్సీలలో ఒకరైన ఫరాంజీ పెస్తోంజీ దోతీవాలాకు, వాళ్లు వెళ్లిపోతూ బట్టీలు అప్పగించారు. అప్పుడు పిండిని పులియబెట్టింది కల్లుతో. ఐరోపావాళ్లు తగ్గిపోయి రొట్టెలు మిగిలేసరికి, కల్లు వల్ల చెడిపోకుండా ఎండి గట్టిపడిన ఆ రొట్టెలను జనం అడిగి కొనుక్కోవడం మొదలుపెట్టారు. తర్వాత బేకరీయే కావాలని ఎండబెట్టి చేసింది. సూరతీ బతాసాలు ఆ దారిలోనే పుట్టాయంటారు. తాటి, ఈత చెట్ల కల్లు పొంగు చూసిన తెలంగాణ పల్లెవాళ్లకు ఆ ఈస్ట్ బలం తెలియనిది కాదు.

తరగతిలో దీన్ని చేసి చూడడం తేలిక. నిన్నటి రొట్టెను వేలి మందాన ముక్కలు కోసి, 110 డిగ్రీల ఓవెన్‌లో జాలీ మీద పరిచి, గంటకోసారి తిప్పుతూ మధ్యలో తేమ పూర్తిగా పోయేదాకా ఉంచాలి. ముక్కను విరిస్తే టక్కున విరగాలి. మధ్యలో వంగితే ఇంకో అరగంట. చల్లారాక గాలి చొరని డబ్బాలో పోసి, మూత మీద తేదీ రాసి పెట్టాలి. తీపి కావాలంటే అవే ముక్కలు నేతిలో వేయించి చక్కెర పాకంలో, పాలలో నానబెడితే హైదరాబాద్ డబల్ కా మీఠా అవుతుంది. దానికి తాజా రొట్టె కంటే నిన్నటిదే బాగా పనికొస్తుంది, పాకం పీల్చినా విడిపోదు.